పరుగునకు ఫలమేమి?

మానవుడు పరుగెత్తుట క్రొత్త విషయము కాదు. వేటకై పరుగెత్తినాడు, భయముచేత పరుగెత్తినాడు, వార్త చేరవేయుటకు పరుగెత్తినాడు. నేడును రైలు తప్పిపోవునేమోయని పరుగెత్తుచున్నాడు. ఈ పరుగులన్నింటికిని ఒక ప్రయోజనము కలదు. కావున ఏల పరుగెత్తుచున్నావని ఎవరును ఎవరిని అడుగరు. కాని తెల్లవారుజామున చెరువుకట్ట మీదనో, ఊరి వెలుపలి రహదారి మీదనో, తరుముకొని వచ్చువారు లేకుండగనే, చేరి చేయవలసిన పని లేకుండగనే, చెమటలు కారుచుండ పరుగెత్తు మనుష్యుని చూచినప్పుడు మాత్రము, పాలక్యానులతో సైకిలు త్రొక్కుకొని పోవువానికి ఒక సందేహము కలుగును: ఇందువలన ఈయనకు వచ్చునదేమి?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. తన చెమటను అన్నముగా మార్చుకొనువాడు అడిగిన ప్రశ్న యిది. కాయకమునకు గౌరవమిచ్చు కుటుంబములలో పెరిగిన మనకు ఇది మరింత బరువైనది. శ్రమ యనగా నలుగురికి అక్కరకు వచ్చునదని మన పెద్దలు మనకు నేర్పిరి. ఒక తట్టెడు మన్నయినను మోయక, ఒక మడియైనను తడుపక, పది కిలోమీటర్లు పోయి బయలుదేరిన చోటికే తిరిగి వచ్చు శ్రమకు ఏ పేరు పెట్టవలెను? అది వినోదమా, వ్యసనమా, అహంకారమా, లేక సాధనయా? ఈ విషయమును ఇచ్చట కొంత విచారింతము.

సాధారణముగా వినబడు మొదటి సమాధానము ఆరోగ్యము. ఇందు సత్యము లేకపోలేదు. క్రమముగా పరుగెత్తువాని గుండె ఒక్కొక్క స్పందనమునకు ఎక్కువ రక్తమును పంపుట నేర్చుకొనును. అందుచేత విశ్రాంతి వేళ అది తక్కువసార్లు కొట్టుకొన్నను సరిపోవును. కండరములు ప్రాణవాయువును పొదుపుగా, పూర్తిగా వినియోగించుకొనును. ఆకలి కుదురును, నిద్ర పట్టును. అయినను ఆరోగ్యమొక్కటే పరుగునకు ఫలమని నమ్మువారు జేమ్స్ ఫిక్స్ అను అమెరికా దేశస్థుని కథను తలచుకొనవలెను. ఆయన 1967లో, తన 35వ యేట, స్థూలకాయుడై, పొగత్రాగు అలవాటుతోనున్న కాలమున పరుగు ప్రారంభించెను. బరువు తగ్గెను, పొగ మానెను. పరుగును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1977లో వెలువడి లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోయెను. ఆ గ్రంథమును చదివి వీధిలోనికి వచ్చి పరుగెత్తినవారెందరో. అట్టి ఫిక్స్ 1984 జూలై మాసమున, 52 ఏండ్ల వయస్సులో, పరుగునకు వెళ్లి గుండెపోటుతో మరణించెను. ఆయన తండ్రియు గుండెజబ్బుతోనే 43వ యేట మరణించియుండెను. తండ్రికన్న తొమ్మిదేండ్లు ఎక్కువ బ్రదుకుట పరుగు చేసిన మేలా, కాదా యని ఎవరు నిర్ణయింపగలరు? ఒక్కటి మాత్రము స్పష్టము. మృత్యువుతో బేరమాడుటకు పరుగెత్తువాడు ఏదో యొకనాడు మోసపోయితినని విలపింపక తప్పదు. వ్యాయామము ఆయుర్దాయమునకు సహాయము చేయును గాని హామీపత్రము వ్రాసి యీయదు.

రెండవ సమాధానము ఆనందము. ఇది అనుభవించినవారికి తెలియును. మొదటి పదునైదు నిమిషములు శరీరము మొరాయించును; కాళ్లు బరువెక్కును; ఇంటికి తిరిగిపోదమని మనస్సు నూరు కారణములు చెప్పును. ఆ పిమ్మట శ్వాసయు అడుగును ఒక తాళమున పడును. చింతలు తీరిపోవు గాని, వాని అరపు మాత్రము తగ్గును. ఈ స్థితికి ఎండార్ఫినులను రసాయనములు కారణమని ఒకప్పుడు అందరును నమ్మిరి. శరీరము తనంతట తానే తయారుచేసుకొను, గంజాయి గుణమును పోలిన మరియొక జాతి పదార్థములకు ఇందు ముఖ్యపాత్ర కలదని 2015లో జర్మను శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధన సూచించినది. శాస్త్రము కారణమును చెప్పును, దానిని గౌరవింతము. కాని బెల్లములో తీపి యెట్లు కలిగినదో తెలిసినంతమాత్రమున, పండుగనాడు దానిని పదిమందికి పంచుట యెందులకో తెలియదు. ఆనందము ఒంటరి పరుగులోనే లభించునెడల, వేలమంది ఒకచోట చేరి కలసి పరుగెత్తనేల?

కలసి పరుగెత్తుచున్న మాట నిజము. హైదరాబాదులో ఏటేట ఆగస్టు మాసమున జరుగు మారథానునకు, చీకటి విడకముందే, హుస్సేన్ సాగరతీరమున వేలమంది చేరుదురు. గచ్చిబౌలి క్రీడాంగణము దిశగా వంతెనలెక్కి, వంతెనలు దిగి పరుగెత్తుదురు. వారిలో గెలుపు ఆశ కలవారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. తక్కినవారందరికిని తాము గెలువరని బయలుదేరకముందే తెలియును. గెలువమని తెలిసియు పందెమునకు వచ్చుట లోకమున మరియెక్కడ చూతుము? ఈ చిత్రము యొక్క మర్మము తెలియుటకు, నూరేండ్లు దాటిన ఒక పరుగు చరిత్రను పరికించుట మేలు. అది దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ మారథాన్.

విక్ క్లాఫమ్ అను రైలింజను డ్రైవరు మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై తూర్పు ఆఫ్రికా ఎండలలో వందల క్రోసులు కాలినడకన పోయినవాడు. మరణించిన సహచరులకు రాతిస్తంభము కాక, వారు పడిన శ్రమను తలపించు శ్రమయే స్మారకము కావలెనని ఆయన కోరిక. మాజీ సైనికుల సంఘము మొదట అంగీకరింపలేదు. ఆయన ఏటేట మరల అడిగెను. తుదకు అనుమతి లభించి, 1921 మే 24వ తేదీన పీటర్‌మారిట్జ్‌బర్గ్ నుండి సముద్రతీరమందలి డర్బన్ వరకు, సుమారు 90 కిలోమీటర్ల కొండదారిలో, 34 మంది బయలుదేరిరి. 16 మంది చేరిరి. నాటినుండి నేటివరకు, యుద్ధము వలనను మహమ్మారి వలనను ఆగిన కొన్ని యేండ్లు తప్ప, ఆ పరుగు సాగుచునే యున్నది. ఇప్పుడు వేలమంది పాల్గొనుచున్నారు.

ఈ పరుగులో వాలీ హేవర్డ్ అనునాతడు 1930లో, 21 ఏండ్ల ప్రాయమున, ప్రథముడుగా వచ్చెను. ఇరువది యేండ్ల పిమ్మట మరల వచ్చి 1950, 1951, 1953, 1954 సంవత్సరములలో గెలిచెను. ఇంతటితో కథ ముగిసినను అది గొప్ప కథయే. కాని 1988లో, 79 ఏండ్ల వృద్ధుడై, ఆయన మరల ఆ దారిని పట్టెను. పది గంటలలోపుగనే ముగించెను. మరుసటి యేడు 80వ యేట ఇంకొకమారు వచ్చెను. ఆనాడు నియమితకాలము 11 గంటలు. తూలుచు, నిలిచిపోవుచు, మరల అడుగు వేయుచు, గడువునకు ఇంక రెండు నిమిషములైన లేదనగా గమ్యము చేరెను. ఒకప్పుడు అందరికన్న ముందు చేరినవాడు, ఇప్పుడు దాదాపు అందరికన్న వెనుక చేరెను. రెండింటిలో ఏది గెలుపు? మొదటిదాని యందు ఆయన ఇతరులను మించెను. రెండవదాని యందు మించుటకు ఇతరులెవ్వరును లేరు; ఆయన దేహమును, ఆయన మాటయు మాత్రమే మిగిలినవి. ముందుండుట వయస్సు ఇచ్చి తీసుకొను వరము. మాట నిలుపుకొనుట ఏ వయస్సునను తన చేతిలోనిదే.

ఇచ్చట ఒక కఠినమైన ప్రశ్న యెదురగును. ఈ పరుగున నియమితకాలము, ఇప్పుడది 12 గంటలు, ముగియు క్షణమున ఒక అధికారి గమ్యరేఖ యొద్ద నిలిచి తుపాకి ప్రేల్చును. అట్లు ప్రేల్చునప్పుడు ఆయన పరుగెత్తి వచ్చువారివైపు వీపు త్రిప్పి నిలుచును. ఎవరి ముఖమును చూచిన జాలి కలుగునో, ఎవరికొరకు ఒక్క క్షణము ఆలస్యము చేయుదునోయని ఈ ఏర్పాటు. ఆ ధ్వని వెలువడిన మరుక్షణమున చేరినవానికి పతకము లేదు. పగలంతయు శ్రమించి ఒక్క క్షణము వెనుకబడినవానిని ఇట్లు త్రోసిపుచ్చుట క్రౌర్యము కాదా?

నేను దీనిని చాలకాలము క్రౌర్యమనియే తలచితిని. ఇప్పుడు అట్లు తలపను. గట్టు లేని చెరువున నీరు నిలువదు. గడువు లేని మాటకు నిలుకడ లేదు. ఆ తుపాకి పతకమును నిరాకరించును గాని నడచిన దారిని నిరాకరింపజాలదు. అతడు వేసిన అడుగులన్నియు అతనివే. మరియు ఆ నియమము కులీనుడని, ధనికుడని, ప్రసిద్ధుడని ఎవరిని చూడదు. వీపు త్రిప్పిన ధర్మమునకు పక్షపాతము లేదు. హేవర్డ్ వంటి వీరునకును రెండు నిమిషములే మిగిలినవి; మూడవ నిమిషమును ఆయనకై ఎవరును సృష్టింపలేదు. అందుచేతనే ఆ రెండు నిమిషములకు విలువ వచ్చినది.

అయినను నియమమొక్కటే చాలదు. దీనికి ఎదురుగా వేరొక దృశ్యమును నిలుపుదును. 2004 అక్టోబరు 2వ తేదీన లండను నగరమందలి బుషీ పార్కున 13 మంది కలసి 5 కిలోమీటర్లు పరుగెత్తిరి. ఏర్పాటు చేసిన పాల్ సింటన్ హ్యూయిట్ అప్పుడు గాయపడి పరుగెత్తలేని స్థితిలోనుండెను. తాను పరుగెత్తలేకున్నను మిత్రులకు దూరము కారాదని ఆయన గడియారము పట్టుకొని నిలిచెను. రుసుము లేదు, బహుమతి లేదు. ఆ చిన్న కూడిక పార్క్‌రన్ అను పేర అనేక దేశములకు వ్యాపించి, ప్రతి వారమును జరుగుచున్నది. అందలి ఏర్పాటులలో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఒకటి: స్వచ్ఛంద సేవకులలో ఒకరు అందరికన్న వెనుక నడచుటకే నియమింపబడుదురు. ఎంత మెల్లగా నడచువారైనను వారికి వెనుక ఇంకొకరుందురు. కావున వచ్చినవారిలో ఎవరును కడపటివారు కారు. ఆ స్థానమును ఒకరు సేవగా స్వీకరించియున్నారు.

తుపాకి ప్రేల్చువాడొకడు, వెనుక నడచువాడొకడు. ఈ యిరువురును పరస్పర విరుద్ధులని పాఠకులు తలంపవలదు. నియమము తనకు, దయ ఇతరులకు. మనలో పలువురము దీనిని తారుమారు చేసికొనుచున్నాము. మన ఆలస్యమునకు వేయి కారణములు చెప్పుకొందుము. పరుని ఆలస్యమును మాత్రము గడియారముతో కొలుతుము. తన విషయమున తుపాకి పట్టినవానివలె వీపు త్రిప్పి నిలిచి, తోడివాని విషయమున వెనుక నడచువానివలె ఓర్పు వహించుట నేర్చినవాడు పరుగు వలన నిజమైన ఫలము పొందినట్లే.

దయ లేని నియమము ఎట్లు అధర్మమగునో ఆ కామ్రేడ్స్ చరిత్రయే చెప్పుచున్నది. 1923లో ఫ్రాన్సెస్ హేవర్డ్ అను స్త్రీ దరఖాస్తును నిర్వాహకులు తిరస్కరించిరి. ఆమె అయినను పరుగెత్తి 11 గంటల 35 నిమిషములలో గమ్యము చేరెను. పట్టికలో పేరు చేరలేదు. 1935లో రాబర్ట్ మ్ట్షాలి అను నల్లజాతీయుడు అదే దారిని సుమారు తొమ్మిదిన్నర గంటలలో ముగించెను. అతని పేరును చేరలేదు. స్త్రీలకును, నల్లవారికిని అధికారికముగా ద్వారములు తెరచినది 1975లో. అనగా ఏబదియేండ్లకు పైగా ఆ దారి అందరిని ఒకే విధముగా శ్రమపెట్టినది. కొండ తెల్లవానికి తగ్గి నల్లవానికి పెరుగలేదు. పుస్తకము మాత్రము కొందరిని చూడ నిరాకరించెను. వృద్ధుడైన హేవర్డ్ రెండు నిమిషముల మిగులుతో చేరిన ఆ 1989వ సంవత్సరమందే శామ్ త్షాబలాలా అను నల్లజాతీయుడు ప్రథముడై, ఆ పరుగును గెలిచిన మొదటి నల్లవాడాయెను. రాబర్ట్ మ్ట్షాలి పేర ఒక పతకము 2019లో నెలకొల్పబడినది. నేల యెన్నడును భేదము పాటింపలేదు. దానిని నేర్చుకొనుటకు మనుష్యులకు ఇంతకాలము పట్టెను. ఊరిలో పరుగు ఏర్పాటు చేయువారు ఈ మాటను మరువరాదు. రుసుము పెంచి, ఖరీదైన పాదరక్షలు లేనివానిని సిగ్గుపడునట్లు చేయుటయు ఒక విధమైన ద్వారబంధనమే.

ఇక అహంకారమును గూర్చి. నేడు మణికట్టు మీది గడియారము అడుగడుగును లెక్కించును. లెక్క మంచి సేవకుడు, యజమానియైనచో ప్రమాదము. మోకాలు వలదన్నను వినక పరుగెత్తువాడును, ఇంట ముసలితల్లికి మందు ఇయ్యవలసిన వేళను దాటించి పరుగెత్తువాడును పరుగునకు దాసులు. పరుగు వారిని బలవంతులను చేయుటలేదు. పార్క్‌రన్ నిర్వాహకులు 2024లో వేగములో మొదటివారిని చూపు కొన్ని పట్టికలను తమ పుటలనుండి తొలగించిరి. అది తగునా తగదాయని వాదములు చెలరేగినవి. నా మట్టుకు పట్టికయుండుట దోషము కాదు. పట్టికలో లేనివాడు పరుగెత్తనేలేదని తలచుట దోషము. 1981 మార్చిలో మొదటి లండను మారథానున అమెరికా వాడగు డిక్ బియర్డ్‌స్లీయు, నార్వే వాడగు ఇంగే సిమన్సన్‌యు గమ్యరేఖను చేతిలో చేయి వేసికొని ఒక్కసారిగా దాటిరి. 42 కిలోమీటర్లు ఒకరినొకరు మించజూచినవారే. చివరకు, తనను అంతదూరము పరుగెత్తించినవాడు ప్రక్కవాడేయని వారికి తోచెను గాబోలు.

తుదకు నా అనుభవము నొకదానిని విన్నవింతును. ఏబదియేండ్లు దాటిన పిమ్మట నేను మెల్లగా పరుగు నేర్చితిని. ఒక పట్టణమున జరిగిన పది కిలోమీటర్ల పరుగున పాల్గొంటిని. ఎండ యెక్కినది, నా వేగము తెలిసినదే. నేను చేరునప్పటికి తోరణము విప్పివేసిరి. బల్లలు బండి కెక్కించుచుండిరి. నీళ్ల సీసా నొకదానిని దాచియుంచిన ఒక బాలుడు పరుగున వచ్చి నాకిచ్చెను. దారిపొడుగునను కాగితపు గ్లాసులు, అరటితొక్కలు పడియున్నవి. చీపురు చేతబట్టి ఒక తల్లి చెట్టునీడను నిలిచియుండెను. ఆమె నన్ను చూచి అడిగెను:

"ఇంకా ఎవరన్నా వచ్చేదుందా అయ్యా?"

"లేదమ్మా. నేనే ఆఖరు."

"అయితే ఇక ఊడుస్తాను."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమె నాకొరకు వేచియుండెను, అంతే. నా వినోదము ముగిసిన చోట ఆమె పని మొదలగుచున్నది. ఎవరికిని అక్కరకురాని నా శ్రమ సాగుటకు, అందరికిని అక్కరకువచ్చు ఆమె శ్రమ ఒక గంట ఆగవలసివచ్చెను. నాకు సిగ్గు కలిగెను. ఆ బాలునితో కలసి కొంత దూరము గ్లాసులు ఏరితిని. "మీకెందుకయ్యా" అని ఆమె వారించినది గాని, సంచి నోరు తెరచి పట్టుకొన్నది. ఆనాటి పరుగులో నాకు స్పష్టముగా గుర్తున్నది ఆ చివరి వంద గజములే.

పాలక్యానుల సోదరుని ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన సమాధానమిది. పరుగు వలన చేతికి వచ్చునదేమియు లేదు. చేతికి వచ్చినదానిని మాత్రమే ఫలమనువాని యెదుట నేను ఓడిపోయినట్లే ఒప్పుకొందును. కాని బలవంతము లేకుండ శ్రమించినవానికి, బలవంతము వలన శ్రమించువాని చెమట ఎట్టిదో కొంత తెలియును. పదవ కిలోమీటరున గ్రుక్కెడు నీటి విలువ తెలిసినవాడు, మిట్టమధ్యాహ్నము రోడ్డు వేయు కూలివానిని చూచినప్పుడు తల త్రిప్పుకొని పోలేడు, పోరాదు. అట్లు పోయినచో అతని పరుగు నిజముగనే వ్యర్థము. పరుగు మనకు ఒక లాభమును గాక ఒక ఋణమును చూపించును: నీరిచ్చినవాని ఋణము, దారి యూడ్చినవారి ఋణము, ప్రక్కన పరుగెత్తి మనను పరుగెత్తించినవాని ఋణము.

కావున ఓపికయున్నవారు పరుగెత్తుదురు గాక. లేనివారు నడతురు గాక. అదియు చాలనివారు దారిప్రక్కన నిలిచి నీరందింతురు గాక. ముందు చేరినవారు వెంటనే ఇంటికి పోవక, చివరివాడు వచ్చువరకు నిలిచియుందురు గాక. ఆ తరువాత అందరును వంగి, తాము పారవేసినదానిని తామే ఏరుదురు గాక. అట్టి పరుగు ఏ ఊరిలో జరిగినను, దానికి ఫలమేమియని అడుగవలసిన పని యుండదు.